పొడవాటి వంతెన ఎంత గాలికి అదుపు తప్పుతుందో లెక్కకట్టడం, ఆ లెక్కను ఎంత నమ్మవచ్చో తేల్చడం

1940 జులై 1న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నారోస్ వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబర్ 7న అది మెలికలు తిరిగి నీళ్లలో కూలింది. అప్పుడు వీస్తున్న గాలి సెకనుకు దాదాపు 19 మీటర్లు, అంటే గంటకు 68 కిలోమీటర్లు. మన తీరానికి ఒక మామూలు తుపాను వచ్చినా ఆపాటి గాలి ఉంటుంది. ఆ డిజైన్‌లో గాలి లెక్క లేకపోలేదు. గాలి డెక్‌ను, అంటే రోడ్డు మోసే భాగాన్ని, పక్కకు ఎంత తోస్తుందో చూశారు. డెక్ కదిలినప్పుడు దాని చుట్టూ గాలి తీరు మారుతుందనీ, ఆ మార్పే డెక్‌ను మరింత కదిలిస్తుందనీ మాత్రం లెక్కలోకి రాలేదు.

ఇవాళ ఆ సంగతి తెలియని బ్రిడ్జి ఇంజినీరు ఉండరు. సాఫ్ట్‌వేర్‌కు వివరాలిస్తే క్రిటికల్ గాలివేగం, అంటే వంతెన అదుపు తప్పే వేగం, సెకనుకు 71.3 మీటర్లు అనో, 68.9 అనో చూపిస్తుంది. నా దిగులంతా ఆ దశాంశం గురించే. రిపోర్టులో 71.3 అని రాసి కింద గీత గీస్తాం. నిజానికి ఆ అంకె వెనక 62 ఉండొచ్చు, 80 కూడా ఉండొచ్చు. వంతెన మీద వెళ్లే మనుషుల భద్రత 71.3 మీద కంటే, ఆ 62కూ 80కీ మధ్య ఉన్న వెడల్పు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఇక్కడ రెండు పనులు చేద్దాం: ముందు వేగం లెక్కకట్టడం, తర్వాత దాని వెడల్పు కట్టడం. ఎంటెక్ స్ట్రక్చర్స్ చదువుతున్నవాళ్లు, డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి మెట్టు: ఏ ఊపును లెక్కిస్తున్నారో తేల్చుకోండి

డెక్ వెనక సుడులు ఒక క్రమంలో విడిపోతుంటాయి. ఆ లయ డెక్ సహజ ఫ్రీక్వెన్సీకి దగ్గరైతే వచ్చేది వోర్టెక్స్ ఊపు. ఇది తక్కువ గాలికే వస్తుంది, గాలి ఇంకా పెరిగితే పోతుంది, ఎంత ఊగాలన్నదానికి ఒక హద్దు ఉంటుంది. 2010 మేలో రష్యాలోని వోల్గోగ్రాద్ వంతెన రోడ్డు అలలా లేచి పడింది ఇలాగే. ఇక గాలిలోని ఎగుడుదిగుళ్లకు డెక్ అదరడం బఫెటింగ్. అది ఎప్పుడూ ఉంటుంది, గాలితో పాటు క్రమంగా పెరుగుతుంది.

ఫ్లటర్ స్వభావం వేరు. ఒక వేగం దాటాక, గాలి నుంచి డెక్ లాక్కునే శక్తి, డాంపింగ్ (ఊపును అణచే గుణం) ఖర్చు చేయగలిగిన శక్తిని మించిపోతుంది. అక్కడినుంచి ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఏదో ఒకటి తెగేదాకా అది ఆగకపోవచ్చు.

టకోమాను చాలామంది ఫిజిక్స్ క్లాసులో రెజొనెన్స్‌కు ఉదాహరణగా విని ఉంటారు. ఒక చిన్న లెక్క చేసి చూడండి. సుడులు విడిపోయే ఫ్రీక్వెన్సీ కావాలంటే స్ట్రౌహాల్ సంఖ్యను (డెక్ ఆకారాన్ని బట్టి ఉండే ఒక స్థిరాంకం) గాలివేగంతో గుణించి, డెక్ ఎత్తుతో భాగించాలి. టకోమా డెక్ హెచ్ ఆకారానికి ఆ సంఖ్య దాదాపు 0.11, గాలి 19, పక్క గర్డర్ల ఎత్తు 2.4 మీటర్లు. జవాబు 0.87 హెర్ట్జ్. వంతెన మెలి తిరిగింది 0.2 హెర్ట్జ్ దగ్గర. నాలుగు రెట్లకు పైగా తేడా ఉన్నచోట సుడుల లయ కుదిరిందనడానికి వీల్లేదు. బిల్లా, స్కాన్లన్ 1991లో ఈ పొరపాటునే ఒక వ్యాసంలో వివరంగా ఎత్తిచూపారు. ఊయలను పక్కనుంచి ఎవరో లయ తప్పకుండా నెట్టడం రెజొనెన్స్. ఎవరూ లయగా నెట్టకపోయినా, ఊగడం వల్లే ఊయలకు బలం అందుతుంటే అది ఫ్లటర్. ఈ తేడా మనసులో పడకపోతే, సుడుల ఫ్రీక్వెన్సీని తప్పించాం కదా అని ఫ్లటర్‌ను వదిలేసే ప్రమాదం ఉంది.

ఈ లెక్క ప్రతి వంతెనకూ అవసరం పడదు. హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ వంతెన ప్రధాన స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) సుమారు 234 మీటర్లు, డెక్ కాంక్రీటు. అలాంటి బరువైన, బిగువైన డెక్‌లను ఫ్లటర్ సాధారణంగా శాసించదు. స్పాన్ పెరిగి, ఉక్కు డెక్ తేలికై, ఫ్రీక్వెన్సీలు హెర్ట్జ్‌లో పదోవంతుల్లోకి దిగినప్పుడు ఇదే మొదటి ప్రశ్న అవుతుంది.

రెండో మెట్టు: గాలి అంకెను శుభ్రం చేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అదీ చాలా మామూలు తప్పులు. గాలి భారాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. అవి నేలకు 10 మీటర్ల ఎత్తున, 3 సెకన్ల గస్ట్ (గాలి విసురు) వేగాలు, 50 ఏళ్లకు ఒకసారి వచ్చే లెక్కవి. ఫ్లటర్‌తో పోల్చాల్సింది 3 సెకన్ల గస్ట్‌ను కాదు. మెలి ఊపు ఒకసారి తిరగడానికే మూడు నాలుగు సెకన్లు పట్టే డెక్‌లో, ఊపు పెరగాలంటే గాలి కొన్ని నిమిషాల పాటు, స్పాన్‌లో చాలా భాగం మీద నిలకడగా ఉండాలి. అందుకే ఎక్కువచోట్ల 10 నిమిషాల సగటుతో పోలుస్తారు.

విశాఖ తీరంలో 60 మీటర్ల ఎత్తున డెక్ ఉన్న ఒక ఊహా వంతెనను తీసుకుందాం. 2015 నాటి కోడ్‌లో గంట సగటుకు ఇచ్చిన సూత్రం వాడితే, చుట్టూ తెరిపి నేల అనుకునే రెండో కేటగిరీలో 43 మీటర్లు వస్తుంది. సముద్రపు తెరిపి అనుకునే ఒకటో కేటగిరీలో 47 వస్తుంది. ఒక్క కేటగిరీ ఎంపికతో 4 మీటర్లు మారింది. గంట సగటును 10 నిమిషాల సగటుగా మారిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. కాబట్టి మీ నోట్‌బుక్‌లో గాలివేగం రాసిన ప్రతిచోటా పక్కనే మూడు సంగతులు రాయండి: ఏ ఎత్తున, ఎంతసేపటి సగటు, ఎన్నేళ్లకు ఒకసారి వచ్చేది. ఈ మూడూ లేని గాలివేగాన్ని ఎవరిచ్చినా వాడకండి. సైట్ దగ్గర్లో వాతావరణ కేంద్రం రికార్డులుంటే తెచ్చుకుని, దాని చుట్టుపక్కల నేల తీరు ఏమిటో వెళ్లి చూడండి.

ఆ గాలికి పైన కొంత మిగులు కలిపి, ఇంతవరకు ఫ్లటర్ రాకూడదు అని ఒక గీత గీస్తారు. 1998లో పూర్తయిన డెన్మార్క్ గ్రేట్ బెల్ట్ తూర్పు వంతెనకు ఆ గీత సెకనుకు 60 మీటర్లు. అదే ఏడాది తెరిచిన జపాన్ ఆకాషి కైక్యో వంతెనకు 78.

మూడో మెట్టు: వంతెన సొంత గుణాలు రాబట్టండి

మీటరు పొడవుకు డెక్, కేబుళ్ల ద్రవ్యరాశి, మెలికి అడ్డుపడే జడత్వం, నిలువు ఊపు ఫ్రీక్వెన్సీ, మెలి ఊపు ఫ్రీక్వెన్సీ, డాంపింగ్. ఐదే, కానీ ఐదింటి మీదా ఒకేలాంటి నమ్మకం ఉండదు. ద్రవ్యరాశి డ్రాయింగుల నుంచి బాగానే వస్తుంది, రోడ్డు పైపొర మందం సైట్‌లో మారుతుందన్న సంగతి మరచిపోకుండా ఉంటే చాలు. ఫ్రీక్వెన్సీలు మోడల్ నుంచి వస్తాయి. టవర్ పునాది, బేరింగ్‌లు, డెక్ చివర్ల అమరికను మోడల్‌లో ఎలా చూపించారన్నదాన్ని బట్టి అవి కొన్ని శాతాలు జరుగుతాయి. డాంపింగ్ మాత్రం కట్టాక కొలిచేదాకా నిజంగా తెలియదు. క్రిటికల్ డాంపింగ్‌లో (ఊపే రాకుండా ఆపే డాంపింగ్‌లో) 0.3 శాతం నుంచి 1 శాతం దాకా ఏదైనా కావచ్చు.

జత కుదర్చడంలో జాగ్రత్త. నిలువు ఊపుల్లో మొదటిదాన్నీ, మెలి ఊపుల్లో మొదటిదాన్నీ కళ్లు మూసుకుని జత చేయొద్దు. స్పాన్ పొడవునా రెండింటి ఆకారం ఒకేలా ఉండాలి. ఒకటి మధ్యలో ఒకే గుబ్బగా, మరొకటి రెండు సగాలుగా ఎదురెదురుగా ఉంటే అవి కలిసి ఫ్లటర్‌కు దారితీయడం కష్టం.

నాలుగో మెట్టు: చేత్తో ఒకసారి లెక్కకట్టండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే సెల్‌బెర్గ్ సూత్రంతో ఒక అంచనా వేయండి. పలచటి బల్లలాంటి డెక్‌కు ఆ సూత్రం ఇది:

క్రిటికల్ గాలివేగం = 3.71 × మెలి ఫ్రీక్వెన్సీ × డెక్ వెడల్పు × వర్గమూలం (ఎ × బి)

ఇందులో ఎ అంటే, మీటరు పొడవు ద్రవ్యరాశిని భ్రమణ వ్యాసార్ధంతో (మూడో మెట్టులోని జడత్వాన్ని ద్రవ్యరాశితో భాగించి తీసిన వర్గమూలం) గుణించి, గాలి సాంద్రత, వెడల్పు ఘనాల లబ్ధంతో భాగించగా వచ్చేది. బి అంటే, నిలువు ఫ్రీక్వెన్సీని మెలి ఫ్రీక్వెన్సీతో భాగించి, వర్గం చేసి, 1 లోంచి తీసేయగా మిగిలేది.

గ్రేట్ బెల్ట్ అంకెలు వేద్దాం. మీటరుకు సుమారు 22,700 కిలోలు, వెడల్పు 31 మీటర్లు, భ్రమణ వ్యాసార్ధం 10.4 మీటర్లు, నిలువు ఫ్రీక్వెన్సీ 0.1, మెలి ఫ్రీక్వెన్సీ 0.278 హెర్ట్జ్, గాలి సాంద్రత 1.25. అప్పుడు ఎ 6.3 పైచిలుకు, బి 0.87. వాటి లబ్ధం వర్గమూలం 2.35. బయట ఉన్న గుణకాలు కలిపితే 32. జవాబు సెకనుకు 75 మీటర్లు. కావలసింది 60 కనుక పాసయినట్టే కనిపిస్తుంది.

ఐదో మెట్టు: అదే సూత్రాన్ని టకోమాకు వేసి చూడండి

ఈ మెట్టు దయచేసి దాటేయకండి. మీటరుకు 8,500 కిలోలు, వెడల్పు 11.9 మీటర్లు, భ్రమణ వ్యాసార్ధం 4.6, నిలువు ఫ్రీక్వెన్సీ 0.13, మెలి ఫ్రీక్వెన్సీ 0.2. వేస్తే దాదాపు 29 వస్తుంది. వంతెన కూలింది 19కి.

సూత్రం తప్పు కాదు, డెక్ ఆకారం సూత్రం అనుకున్నది కాదు. సెల్‌బెర్గ్ అంచనాలో డెక్ పలచటి బల్ల, గాలి దాని మీదుగా అంటుకుని పారుతుంది. టకోమా డెక్ రెండు పక్కలా నిండు ఉక్కు గోడలున్న హెచ్. గాలి ముందు అంచు దగ్గరే విడిపోయి, పెద్ద సుడి డెక్ వెంట వెనక్కి జరుగుతూ మెలిని ఎగదోస్తుంది. నిలువు ఊపు తోడు లేకుండానే మెలి ఒక్కటే చెలరేగుతుంది. ఒక నమ్మకమైన సూత్రం, సరైన అంకెలతోనే, ఒకటిన్నర రెట్లు ఎక్కువ భరోసా ఇచ్చింది చూడండి. మన లెక్కల్లో అతి పెద్ద అనిశ్చితి అంకెల్లో కంటే, మనం ఎంచుకున్న నమూనాలో ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1950లో అదే చోట కట్టిన వంతెనకు నిండు గోడల బదులు 10 మీటర్ల లోతు ట్రస్ (కడ్డీలతో అల్లిన చట్రం) పెట్టారు, రోడ్డు మధ్య గాలి పోయే జాలీలు వదిలారు. 1966లో ఇంగ్లండ్ సెవర్న్ వంతెన మరో దారి చూపింది: విమానం రెక్కను తలపించే పలచటి పెట్టె డెక్. గ్రేట్ బెల్ట్‌ది ఆ వంశమే.

ఆరో మెట్టు: విండ్ టన్నెల్‌కు వెళ్లేటప్పుడు ఏమడగాలి

డెక్‌లో ఒక ముక్కకు మోడల్ చేసి, స్ప్రింగులకు వేలాడదీసి, గాలి వదిలి కొలుస్తారు. మన దగ్గర చెన్నైలోని సీఎస్ఐఆర్ ఎస్ఈఆర్‌సీలో (కట్టడాల ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం), ఐఐటీ కాన్పూర్‌లో ఇలాంటి సదుపాయాలున్నాయి. కొలిచేది ఫ్లటర్ డెరివేటివ్‌లు. స్కాన్లన్, టాంకో 1971లో వీటిని వంతెనలకు వాడుకలోకి తెచ్చారు. డెక్ పైకీ కిందికీ, మెలిగా కదిలినప్పుడు గాలి దానికి ఎంత డాంపింగ్, ఎంత బిగువు కలుపుతుందో, ఎంత తీసేస్తుందో చెప్పే ఎనిమిది వక్రరేఖలవి. వీటిని గాలివేగానికి గీయరు, రిడ్యూస్డ్ వెలాసిటీకి గీస్తారు. గాలివేగాన్ని ఫ్రీక్వెన్సీ, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. టకోమా కూలినప్పుడు ఆ సంఖ్య 8.

ఎనిమిదింటిలో మీరు ముందుగా చూడాల్సింది మెలి డాంపింగ్‌కు చెందిన ఎ2 స్టార్. అది గుర్తు మార్చిందంటే గాలి మెలిని అణచడం మానేసి పెంచడం మొదలుపెట్టింది. హెచ్ డెక్‌లో అది చాలా తక్కువ రిడ్యూస్డ్ వెలాసిటీకే గుర్తు మారుస్తుంది. పెట్టె డెక్‌లో అలా మారదు, ఫ్లటర్ రెండు ఊపులు కలిస్తేనే వస్తుంది.

ఇక అనిశ్చితి కోసం అడగాల్సినవి. ఒకే వేగానికి ఒకసారి కొలిచి వదిలేయకుండా, పలుమార్లు కొలవమనండి. సగటు వక్రరేఖ ఒక్కటే కాకుండా ప్రతి రన్ ముడి రికార్డూ తీసుకోండి. అది లేకపోతే తర్వాత వెడల్పు కట్టడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఈ ఒక్క వాక్యం టెండర్ పత్రంలోనే రాయించండి, పని ముగిశాక అడిగితే దొరకడం కష్టం. గాలి సమతలంగా వచ్చినప్పుడే కాక, మైనస్ 3 నుంచి ప్లస్ 3 డిగ్రీల కోణాల్లోనూ కొలవమనండి. అసలు వంతెన పెనుగాలిలో పక్కకు వంగి, కొంచెం తలవాల్చి నిలబడుతుంది, అప్పుడు దాని ఫ్లటర్ వేగం వేరు. ఆకాషి కైక్యోకు ఈ భయంతోనే ట్సుకుబాలో 41 మీటర్ల వెడల్పు విండ్ టన్నెల్ కట్టి, మొత్తం వంతెనకు 100వ వంతు మోడల్ పెట్టి చూశారు. 1991 మీటర్ల స్పాన్ పెనుగాలిలో ఎలా వంకర తిరుగుతుందన్నది ముక్క మోడల్‌లో కనబడదు.

రెయిలింగ్‌లు, మెయింటెనెన్స్ ట్రాలీ పట్టాలు, డ్రైనేజీ అంచులు మోడల్‌లో ఉన్నాయో లేదో మీరే దగ్గరికెళ్లి చూడండి. 80వ వంతు మోడల్‌లో రెయిలింగ్ కడ్డీ సూదిలా ఉంటుంది, అయినా లెక్కకొస్తుంది. మోడల్ చిన్నదీ గాలి నెమ్మదీ కాబట్టి రెనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, వస్తువు పరిమాణాలను బట్టి పారే తీరును చెప్పే సంఖ్య) అసలుకంటే వందల రెట్లు తక్కువ ఉంటుంది. పదునైన మూలలున్న డెక్‌కు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, గుండ్రటి అంచులుంటే మాత్రం ఆ అనుమానాన్ని వెడల్పులో కలపాలి.

సీఎఫ్‌డీ, అంటే గాలి పారే తీరును కంప్యూటర్‌లో లెక్కించడం, చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఆకారాలను పోల్చి, పనికిరానివి ఏరేయడానికి అది చాలా మంచిది. చివరి మాట మాత్రం నేను టన్నెల్‌కే ఇస్తాను.

ఏడో మెట్టు: వేగం తేల్చండి

వక్రరేఖలు చేతికొచ్చాక, ఒక గాలివేగం ఊహించి, ఆ వేగంలో వంతెనకు గాలి కలిపే డాంపింగ్, బిగువు వేసి, ఊపు పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి. వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొత్తం డాంపింగ్ సున్నా అయ్యే చోటు తగులుతుంది. అదే క్రిటికల్ వేగం. ముందు రెండు ఊపులతో చేయండి, తర్వాత పది పదిహేను ఊపులతో చేయండి. రెండూ బాగా తేడా వస్తే ఎక్కడో జత తప్పినట్టే.

డాంపింగ్ గీత సున్నాను ఎలా దాటిందో తప్పకుండా చూడండి. నిటారుగా పడిపోతూ దాటితే, మీరు అనుకున్న 0.5 శాతం నిజానికి 0.3 అయినా జవాబు పెద్దగా మారదు. సున్నాను రాసుకుంటూ ఏటవాలుగా దాటితే అదే చిన్న తేడా జవాబును చాలా దూరం జరుపుతుంది. ఒకే క్రిటికల్ వేగం వచ్చిన రెండు డెక్‌లలో నేనైతే నిటారుగా పడే గీతను లెక్క విషయంలో ఎక్కువ నమ్ముతాను, కానీ ఆ వేగం దాటితే అది మనకు ఏ హెచ్చరికా ఇవ్వదన్నది గుర్తుంచుకుంటాను.

ఎనిమిదో మెట్టు: వెడల్పు కట్టండి

గ్రేట్ బెల్ట్ ఉదాహరణకే తిరిగి వద్దాం. ఇక్కడ వేసే శాతాలు నేను ఉదాహరణ కోసం ఊహించినవి. మీ వంతెనకు మీ కొలతల నుంచి రావాలి.

ఒక్కో అంకెను 3 శాతం కదిపి చూడండి. మెలి ఫ్రీక్వెన్సీని కదిపితే జవాబు 3.4 శాతం కదులుతుంది. ద్రవ్యరాశి వర్గమూలంలో ఉంది కాబట్టి 1.5. భ్రమణ వ్యాసార్ధం కూడా 1.5. నిలువు ఫ్రీక్వెన్సీ అర శాతం లోపే. ఇప్పుడు అసలైనది: డెక్ ఆకారం వల్ల, డెరివేటివ్‌ల కొలత వల్ల వచ్చే అనుమానం. దానికి 8 శాతం అనుకుందాం, అది నేరుగా జవాబులోకి వస్తుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వర్గాలు కూడి వర్గమూలం తీయండి. దాదాపు 9 శాతం. 75లో 9 శాతం అంటే 6.7 మీటర్లు.

75కూ 60కీ మధ్య 15 మీటర్ల దూరం ఉంది. 6.7తో భాగిస్తే 2.2. నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అనుకుంటే, అసలు క్రిటికల్ వేగం 60 కంటే తక్కువ ఉండే అవకాశం వందకు ఒకటి పైచిలుకు. పాసయిందనుకున్న వంతెన గురించి ఇప్పుడు మీకు ఎంత కొత్త సంగతి తెలిసిందో చూడండి.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. మొత్తం అనిశ్చితిలో ఐదింట నాలుగు వంతులు ఆ 8 శాతం నుంచే వస్తోంది. ఫ్రీక్వెన్సీని ఇంకా పదును పెట్టడానికి నెలలు ఖర్చుచేసి లాభం లేదు. టన్నెల్‌లో మరిన్ని రన్‌లు, ఇంకో టన్నెల్‌లో ఇంకో మోడల్ చేయించి ఆ 8ని 4కి దించగలిగితే మొత్తం 5.7 శాతానికి, అంటే 4.3 మీటర్లకు దిగుతుంది. అప్పుడు అదే అవకాశం పదివేలకు రెండు మూడుకు పడిపోతుంది. ఉక్కు ఒక్క కిలో కలపకుండానే.

చేతిలెక్క అయ్యాక మాంటీ కార్లో చేయండి. ప్రతిసారీ అంకెలన్నీ వాటి వెడల్పుల్లోంచి యాదృచ్ఛికంగా తీసి, ఏడో మెట్టు లెక్క తిరిగి చేసి, వచ్చిన వేగాన్ని రాసిపెట్టడమే. ఇక్కడ నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి.

ద్రవ్యరాశినీ ఫ్రీక్వెన్సీనీ వేర్వేరుగా తీయకండి, ద్రవ్యరాశి మారితే ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. మోడల్‌లోనే ద్రవ్యరాశి మార్చి ఫ్రీక్వెన్సీ తిరిగి లెక్కించండి. రెండోది, ఎనిమిది డెరివేటివ్‌లను బిందువు బిందువుగా కదపకండి. ఒకే రన్ నుంచి వచ్చిన పొరపాట్లు కలిసే నడుస్తాయి, కాబట్టి టన్నెల్ ముడి రికార్డుల్లోంచి రన్‌లకు రన్‌లే ఏరి వక్రరేఖలు మళ్లీ గీయండి. ఆరో మెట్టులో ముడి రికార్డుల కోసం పట్టుబట్టమన్నది ఇందుకే. మూడోది, వెయ్యికి ఒకటి లాంటి చిన్న అవకాశాన్ని పది శాతం ఖచ్చితత్వంతో చెప్పాలంటే దాదాపు లక్షసార్లు నడపాలి. వెయ్యిసార్లు నడిపి ఒక్కసారి కూడా తప్పలేదని రాయడం ఏమీ రుజువు చేయదు. చివరిది, వచ్చిన వేగాలన్నీ గ్రాఫ్ గీసి చూడండి. ఒక్కోసారి రెండు శిఖరాలు కనిపిస్తాయి. కొన్ని నమూనాల్లో ఒక ఊపు, కొన్నింటిలో మరో ఊపు ముందుగా చెలరేగుతోందన్నమాట. అలాంటప్పుడు సగటు, ప్రామాణిక విచలనం రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

తోక, అంటే అరుదైన విలువలుండే చివరి భాగం, దాని ఆకారం మీదా కన్నేయండి. పైన చేసిన లెక్కనే నార్మల్ బదులు లాగ్‌నార్మల్‌తో చేస్తే, వందకు ఒకటి పైచిలుకు కాస్తా దాదాపు సగమవుతుంది. ఈ రెండింటిలో ఏది సరైనదో కొలతలు చెప్పలేవు. రెండూ రిపోర్టులో పెట్టండి.

తొమ్మిదో మెట్టు: గాలితో కలపండి, రిపోర్టు రాయండి

వంతెన పక్క వెడల్పు వచ్చింది, గాలి పక్క వెడల్పు రెండో మెట్టులోనే ఉంది. ఒక్కో ట్రయల్‌లో ఒక ఏడాది గరిష్ఠ గాలినీ, ఒక క్రిటికల్ వేగాన్నీ తీసి, మొదటిది రెండోదాన్ని మించిన సార్లు లెక్కబెట్టండి. వచ్చేది ఏడాదికి ఫ్లటర్ అవకాశం. ఒక మెలిక ఉంది: గాలి ఏటా కొత్తగా వస్తుంది, కానీ వంతెన గురించి మన అజ్ఞానం ఏటా మారదు. క్రిటికల్ వేగం నిజంగా తక్కువైతే వందేళ్లూ తక్కువే. కాబట్టి ఏడాది అవకాశాన్ని వందతో గుణించడం సరికాదు. ఒక్కో వంతెన నమూనాకు వందేళ్ల గాలి నడిపి చూడాలి.

రిపోర్టు వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: "డెక్ ఎత్తున 10 నిమిషాల సగటు ప్రకారం క్రిటికల్ వేగం మధ్య విలువ 75, నూటికి 95 అవకాశాలు 62కూ 88కీ మధ్య. ఈ వెడల్పులో ఎక్కువ భాగం డెరివేటివ్‌ల కొలత నుంచి వచ్చింది. ప్లస్ 3 డిగ్రీల కోణానికి, రెయిలింగ్ మార్పులకు విడిగా చూశాం." చదివే అధికారికి ఒక్క అంకె కావాలని ఒత్తిడి ఉంటుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు. అప్పుడు ఒక్క అంకె ఇవ్వాల్సి వస్తే మధ్య విలువ ఇవ్వకండి, కింది హద్దు ఇవ్వండి.

పదో మెట్టు: కడుతున్నప్పుడు, కట్టాక

పూర్తయిన వంతెనకే లెక్క చేసి ఆగిపోతే సగం పనే అయింది. డెక్ ముక్కలు కేబుళ్లకు వేలాడుతూ, ఒకదానితో ఒకటి ఇంకా పూర్తిగా అతకని దశలో మెలి బిగువు బాగా తక్కువ, ఫ్లటర్ వేగం కూడా తక్కువ. ఆ దశ తుపాను నెలల్లో పడకుండా షెడ్యూల్ వేయడం డిజైనర్ పనే. ప్రతి పెద్ద దశకూ నాలుగు నుంచి ఎనిమిదో మెట్టు దాకా విడిగా చేయండి.

తెరిచాక, మొదటి ఏడాదిలోనే డాంపింగ్, ఫ్రీక్వెన్సీలు కొలిపించి, మీరు ఊహించిన వెడల్పుల పక్కన పెట్టి చూడండి. గ్రేట్ బెల్ట్ డెక్ పని ముగుస్తున్న దశలో, 1998లో, తుపాను కాని గాలికే పైకీ కిందికీ ఊగింది. కింది అంచుల దగ్గర గైడ్ వేన్‌లు (గాలిని దారి మళ్లించే పలకలు) బిగించాక తగ్గింది. ఫ్లటర్‌కు ఎంతో మిగులున్న డెక్ కూడా వోర్టెక్స్‌కు లొంగొచ్చు. మధ్యలో ఖాళీ వదిలి రెండు పెట్టెలుగా కట్టే డెక్‌లు, 1650 మీటర్ల షీహౌమెన్, 2022లో తెరిచిన 2023 మీటర్ల చనక్కలె లాంటివి, ఫ్లటర్‌ను బాగా వెనక్కి నెడతాయి, కానీ ఆ ఖాళీ దగ్గర పుట్టే సుడులను విడిగా చూసుకోవాలి.

ఆకారానికి చిన్న మార్పు కూడా చిన్నది కాదు. చైనాలోని హ్యూమెన్ వంతెన 888 మీటర్ల స్పాన్‌తో 1997 నుంచి వాడుకలో ఉంది. 2020 మే 5న అది అలలా ఊగడం మొదలుపెట్టింది. మరమ్మతు పనుల కోసం రెయిలింగ్ వెంబడి వరసగా నిలబెట్టిన నీటి బారికేడ్‌లు డెక్ ఆకారాన్ని మార్చేశాయి. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన రెయిలింగ్‌కు గాలి స్థిరత్వం కోసమే పలచటి పట్టీలు బిగిస్తే, వంతెన ఊరంతా వినపడేలా మోగింది.

అందుకే వంతెన అప్పగించేటప్పుడు మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఒక పేజీ మీరే రాయండి: రెయిలింగ్, శబ్దం ఆపే తెరలు, హోర్డింగ్‌లు, పైపులు, తాత్కాలిక బారికేడ్‌లు, రోడ్డు పైపొర మందం, వీటిలో ఏది మార్చాలన్నా ముందు గాలి లెక్క మళ్లీ చేయించాలని. ఆ పేజీకి ఎనిమిదో మెట్టు ఫైళ్లు, టన్నెల్ ముడి రికార్డులు జతచేసి ఇవ్వండి, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే ఇంజినీరు మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.